సైకిల్ తాళం ఎక్కడ ఓడిపోతుంది, ఎలా కట్టాలి: వరంగల్ సైకిలు వాళ్ళ కోసం

ముందు ఒక పని చేయండి. మీ సైకిల్‌కి రోజూ వేసినట్టే తాళం వేయండి, వేసి ఆ సైకిల్‌ను ఎత్తుకుని నాలుగడుగులు నడవగలరేమో చూడండి. నడవగలిగితే ఆ తాళానికి మీరు ఎంత పెట్టినా ఫాయిదా లేదు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో రోడ్డు పక్కన, టిఫిన్ సెంటర్ల ముందు, ట్యూషన్ల ముందు నేను చూసే సైకిళ్ళలో చాలావాటికి వెనక చక్రానికి తాళం పడి ఉంటుంది కానీ సైకిల్ మాత్రం దేనికీ కట్టి ఉండదు. అలాంటి సైకిల్ పోవాలంటే తాళం పగలాల్సిన పనే లేదు. ఇద్దరు పట్టి ట్రాలీ ఆటోలో వేసుకుంటారు, తాళం సంగతి తర్వాత తీరిగ్గా చూసుకుంటారు.

అందరూ మొదట అడిగేది ఏ కంపెనీ తాళం కొనాలని. దానికన్నా ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఈ తాళం దేన్ని దేనికి కడుతోంది? ఇందులో అన్నిటికన్నా బలహీనమైన ముక్క ఏది? ఈ రెండూ చూడ్డం అలవాటైతే ఏ దుకాణంలో ఏ తాళం చూపించినా మీరే లెక్క కట్టుకోగలరు.

వెనక చక్రం తాళం

పాల క్యాన్లు మోసే సైకిలైనా, పేపర్ వేసే సైకిలైనా, నల్ల రంగు స్టాండర్డ్ సైకిల్ అంటే వెనక చక్రం దగ్గర గుర్రపు నాడా ఆకారంలో ఒక తాళం బిగించి ఉంటుంది. తాళంచెవి తిప్పితే ఒక కడ్డీ చువ్వల మధ్యలోంచి అడ్డం పడుతుంది. దీనికో మంచి గుణం ఉంది, ఎప్పుడూ సైకిల్‌తోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో మర్చిపోయామనే మాట రాదు. ఎవరో కుర్రాడు అలా ఎక్కి తొక్కుకుంటూ పోవడాన్ని ఆపుతుంది. అంతవరకే. వెనక చక్రం కాస్త పైకెత్తి ముందు చక్రం మీద నడిపించుకుంటూ పోయేవాణ్ణి చూసి, చైన్ పడిపోయిందేమో పాపం అనుకుంటాం తప్ప ఎవరం ఆపి అడగం.

ఇంకా లోపాలున్నాయి. చౌక రకాల్లో తాళంచెవి పల్చని రేకు ముక్క, దాని మీద రెండు మూడు గాట్లు. ఏళ్ళు గడిచి అరిగిపోయాక పక్క సైకిల్ తాళంచెవితో కూడా తెరుచుకునేవి ఉంటాయి. ఫ్రేమ్‌కి బిగించిన స్క్రూలు కొన్నిట్లో బయటికే కనిపిస్తుంటాయి. దుమ్ము పట్టి స్ప్రింగ్ బిగుసుకుంటే కడ్డీ సగంలో ఆగిపోతుంది, మనం చూడకుండా వెళ్ళిపోతాం. అందుకని తాళం వేశాక చేత్తో కడ్డీని ఒకసారి వెనక్కి లాగి చూడండి.

ఇన్ని చెప్పినా దీన్ని పీకేయమని అనను. రెండో తాళంగా ఇది చాలా బాగా పనికొస్తుంది, దీనికి తోడు ఫ్రేమ్‌ను దేనికైనా కట్టే ఇంకో తాళం ఉండాలి. పిల్లలు ఇష్టపడే లావు టైర్ల సైకిళ్ళకు ఈ తాళం పట్టదు, అందుకే ఆ సైకిళ్ళన్నీ కేబుల్ మీదే ఆధారపడుతున్నాయి.

కేబుల్, నంబర్ తాళం

కొత్త గేర్ సైకిల్‌తో పాటు షాపాయన ఒక రంగురంగుల కేబుల్ తాళం చేతిలో పెడతాడు, లేదంటే రెండు మూడు వందలకు మనమే కొంటాం. అన్ని రకాల్లోకి బలహీనమైనది ఇదే, ఎక్కువమంది నమ్ముకునేదీ ఇదే, నాకు బాధ కలిగించేది కూడా అదే. చూడ్డానికి బొటనవేలంత లావుంటుంది కానీ ఆ లావులో పెద్ద భాగం ప్లాస్టిక్, లోపల ఉన్నది సన్న తీగల్ని పురి పెట్టిన తాడు. ఒక్కో తీగ సన్నదే కాబట్టి మొత్తం ఒకేసారి తెగాల్సిన పని కూడా లేదు. జేబులో పట్టే పనిముట్టు చాలు, చప్పుడూ రాదు. రెండు కేబుళ్ళు వేస్తే రెట్టింపు భద్రత అనుకుంటారు కొందరు, ఒకటి కోసిన పనిముట్టు రెండోదాన్ని కోయదా? దీనికి తోడు మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో రోజంతా ఉంటే పై ప్లాస్టిక్ పగులుతుంది, వానాకాలంలో ఆ పగుళ్ళలోకి నీళ్ళు పోయి లోపలి తీగలు తుప్పు పడతాయి, పైనుంచి చూస్తే మాత్రం ఏమీ తెలియదు.

నంబర్ తాళాల లెక్క కూడా చూద్దాం. మూడు చక్రాలుంటే 1000 నంబర్లు, నాలుగుంటే 10,000. సెకనుకో నంబర్ తిప్పినా మూడు చక్రాల తాళాన్ని మొత్తం తిప్పి చూడ్డానికి 17 నిమిషాలు పట్టదు. హాస్టల్ వరండాలో ఖాళీగా కూర్చున్నవాడికి అదేం పెద్ద సేపు కాదు. నాలుగు చక్రాలకైతే రెండు గంటల ముప్పావు పడుతుంది, అది నయం. కానీ మనమే ఆ సంఖ్యను కుదించేస్తుంటాం. కొన్న రోజు ఉన్న 0000ను మార్చకుండా వదిలేయడం, పుట్టిన సంవత్సరం పెట్టడం, అన్నిటికన్నా ఎక్కువగా, తాళం వేశాక చివరి చక్రం ఒక్కటే ఒక గడి తిప్పి పోవడం. అలా తిప్పితే మిగతా మూడు అంకెలూ అక్కడ రాసిపెట్టినట్టే. నాలుగు చక్రాలనూ కలగాపులగంగా తిప్పండి. చౌక నంబర్ తాళాల్లో చక్రాలు వదులుగా ఉండి, సరైన అంకె దగ్గరికి వచ్చినప్పుడు చేతికే తెలిసిపోతుంది. దుకాణంలోనే కాస్త లాగిపట్టి తిప్పి చూడండి, ఏదో ఒక అంకె దగ్గర పట్టినట్టు అనిపిస్తే అది వద్దు.

మరి కేబుల్ ఎందుకూ పనికిరాదా అంటే, సీటు పోకుండా, ముందు చక్రం పోకుండా, హెల్మెట్ తగిలించడానికి పనికొస్తుంది. కళ్ళ ముందే సైకిల్ పెట్టుకుని చాయ్ తాగేంతసేపు కూడా పర్వాలేదు. రాత్రంతా వదిలేసే సైకిల్‌కి మాత్రం కేబుల్ ఒక్కటే వేయొద్దు.

గొలుసు, కప్పతాళం

మన ఊరి పరిస్థితికి నేను మొదట చెప్పేది గొలుసే. కారణం, ఇక్కడ సైకిల్ స్టాండ్లు తక్కువ, కట్టడానికి దొరికేవి ఒక్కో చోట ఒక్కో లావులో ఉంటాయి, చెట్టు మొదలు, గేటు కమ్మీ, సిమెంటు స్తంభం, వీటన్నిటి చుట్టూ తిరిగే గట్టి తాళం గొలుసు ఒక్కటే. కానీ ఇనుప సామాన్ల దుకాణంలో మీటర్ల లెక్కన కొలిచి ఇచ్చే గేటు గొలుసు చాలావరకు మెత్తటి ఇనుము. లావుగా కనిపించినా బోల్ట్ కట్టర్‌కి ఆగదు. తేడా తెలుసుకోవడానికి సులువైన ఉపాయం ఆకురాయి. ఒక చిన్న ఆకురాయిని లింకు మూల మీద రుద్దండి. మెత్తటి ఇనుమైతే ఆకురాయి పట్టి మెరిసే గీత పడుతుంది, గట్టిపరిచిన ఉక్కైతే ఆకురాయి జారిపోతుంది. కొనేముందు ఒక తుంపు ముక్క అడిగి రుద్ది చూస్తానంటే మంచి షాపతను కాదనడు.

మందం విషయంలో, 6 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్లు మామూలు బోల్ట్ కట్టర్ పనే. గట్టిపరిచిన ఉక్కులో 10 మిల్లీమీటర్ల నుంచి మొదలుపెడితే చేతి పనిముట్లతో వచ్చేవాళ్ళలో చాలామంది వదిలేసి పోతారు, 16 మిల్లీమీటర్లకు పోతే చేత్తో నొక్కే కట్టర్లు ఏవీ పనిచేయవనే చెప్పుకోవచ్చు. కానీ బరువు చూసుకోవాలి, 10 మిల్లీమీటర్ల గొలుసే మీటరుకు రెండు కిలోలు దాటుతుంది. రోజూ కాలేజీకి మోసుకుపోయే బదులు లావు గొలుసును ఎక్కువసేపు సైకిల్ ఉండే చోటే, అంటే ఇంట్లోనో హాస్టల్లోనో వదిలేసి, బయటికి తేలికైన తాళం తీసుకుపోవడం మంచిది. గుండ్రటి లింకులకన్నా నలుచదరపు లింకులు కట్టర్ పళ్ళకు సరిగా చిక్కవు. ఫ్రేమ్ రంగు గీకుకుపోకుండా పంచర్ షాపులో పాత ట్యూబు ఒకటి అడిగి గొలుసుకు తొడగండి, బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇంత చేసి చివర్లో కప్పతాళం దగ్గర తప్పు చేస్తారు. పది మిల్లీల గొలుసుకు పెట్టెకు వేసే బుల్లి కప్ప తగిలిస్తారు. దొంగ గొలుసు జోలికి పోడు, కప్ప మీద పడతాడు. కప్ప పైనుండే వంపు కడ్డీ కనీసం గొలుసు లింకంత లావుండాలి, దాని మీద హార్డెన్డ్ అని అచ్చు ఉండాలి, గొలుసు పట్టాక లోపల ఖాళీ మిగలకూడదు. పొడుగు కడ్డీ కప్పలు సైకిల్‌కి వద్దు, ఆ ఖాళీలో రాడ్ దూర్చి మెలి తిప్పుతారు. ఏడు లీవర్లు, ఎనిమిది లీవర్లు అని రాసి ఉండటం చూసి గట్టి తాళం అనుకోవద్దు. లీవర్ల సంఖ్య దొంగ తాళంచెవులతో తెరవడం ఎంత కష్టమో చెబుతుంది, కడ్డీ ఎంత తొందరగా తెగుతుందనేది వేరే సంగతి. అలీగఢ్ కప్పల్లో కూడా మంచివీ నాసిరకంవీ రెండూ దొరుకుతాయి, ఊరి పేరు చూసి కాకుండా కడ్డీ చూసి కొనండి.

యూ తాళం

బరువుకు తగ్గ బలం ఇచ్చేది ఇదే. వంగిన ఉక్కు కడ్డీ ఒకటి, దాని రెండు కొసలూ దూరే అడ్డపట్టీ ఒకటి. కొనేటప్పుడు ఆ అడ్డపట్టీలో కొసలు ఎలా పడుతున్నాయో చూడండి. చౌక వాటిలో ఒక కొస ఊరికే దూరి ఉంటుంది, రెండో కొస దగ్గరే తాళం పడుతుంది. అలాంటిదాన్ని ఒక్కచోట కోసి తిప్పితే ఊడొస్తుంది. రెండు కొసల దగ్గరా తాళం పడేదైతే సాధారణంగా రెండుచోట్ల కోయాల్సిందే, దొంగ పని రెట్టింపు. సైజు విషయంలో మన బుద్ధి పెద్దదాని వైపే పోతుంది కానీ చిన్నదే మేలు. లోపల ఖాళీ ఎంత ఎక్కువుంటే రాడ్డో జాకీయో పెట్టడానికి అంత చోటు ఇచ్చినట్టు.

తాళంచెవి గుండ్రటి గొట్టంలా ఉండే తాళాలు మాత్రం కొనొద్దు. 2004లో అమెరికాలో క్రిప్టోనైట్ అనే పేరుమోసిన కంపెనీ యూ తాళాలు మామూలు ప్లాస్టిక్ పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని బయటపడి, ఆ కంపెనీ తాళాల్ని ఊరికే మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఉక్కులో లోపం లేదు, లోపమంతా తాళంచెవి దూరే ఆ గుండ్రటి రంధ్రంలోనే. పేరున్న కంపెనీలు ఆ డిజైన్ వదిలేశాయి కానీ చౌక తాళాల్లో అది ఇంకా వస్తూనే ఉంది. పక్కపక్కన రెండు కొత్త డబ్బాలు తెరిపించి తాళంచెవులు పోల్చి చూడటం కూడా మంచి అలవాటు, గాట్లు రెండిట్లో ఒకేలా ఉంటే ఆ రకమే వదిలేయండి.

ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా మీద సోల్డ్ సెక్యూర్ అనే బ్రిటన్ సంస్థ రేటింగ్ ఉందేమో వెతకండి, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని మెట్లుంటాయి. కంపెనీ తనకు తాను పదికి తొమ్మిది వేసుకునే మార్కులకు విలువ లేదు. మడత తాళాల్లో పట్టీల్ని కలిపే రివెట్లే బలహీనం. ఫోన్‌తో తెరుచుకునే తాళాలు నాకు ఇంకా నమ్మకం కలిగించలేదు. 2018లో ట్యాప్‌లాక్ అనే వేలిముద్ర తాళాన్ని అది బ్లూటూత్‌లో తనంతట తానే బయటపెట్టే చిరునామా ఆధారంగా తెరవొచ్చని పరిశోధకులు చూపించారు.

బ్యాటరీ గ్రైండర్ సంగతి కూడా చెప్పాలి. దానికి మామూలు ఉక్కు తాళం ఏదైనా నిమిషాల్లో లొంగుతుంది. దాన్ని తట్టుకునేవి విదేశాల్లో వచ్చాయి కానీ ఆ తాళం ధరకు ఇక్కడ మంచి సైకిలే వస్తుంది. గ్రైండర్ చప్పుడుకు, నిప్పురవ్వలకు నలుగురు తిరిగి చూసే చోట సైకిల్ పెట్టడమే మన చేతిలో ఉన్నది. సైకిల్ ధరలో పదో వంతు తాళాలకు పెట్టండి, అది సరిపోతుంది.

ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి

తాళం ఎంత గట్టిదైనా దాన్ని కట్టిన వస్తువు ఊడొస్తే ఏం లాభం. అందుకే కట్టేముందు ఆ స్తంభాన్నో కమ్మీనో రెండు చేతులా పట్టి ఊపండి. పైన బోర్డు లేని పొట్టి స్తంభమైతే సైకిల్‌ను పైనుంచి ఎత్తి తీసుకుపోతారు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో గోడ వెంట దిగే ప్లాస్టిక్ డ్రైనేజీ పైపుకు కట్టేవాళ్ళున్నారు, అది హెక్సా బ్లేడుకు రెండు నిమిషాల పని. పెంచుతున్న చిన్న మొక్కలకూ వాటి చుట్టూ పెట్టిన కంచెలకూ కట్టకండి, సైకిల్‌తో పాటు చెట్టు కూడా పోతుంది.

కరెంటు స్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే కంచెకు అసలే కట్టొద్దు. ఇది దొంగల భయంతో చెప్పేది కాదు. వానాకాలంలో ఇనుప స్తంభానికో ఎర్త్ తీగకో కరెంటు దిగితే గొలుసు, సైకిల్, దాన్ని ముట్టుకున్న మనిషి, అందరికీ ప్రమాదమే. పిల్లలకు ఇది ప్రత్యేకంగా చెప్పండి.

కట్టే పద్ధతి ఇది. తాళం ముందుగా ఫ్రేమ్ త్రికోణంలోంచి పోవాలి, తర్వాత వెనక చక్రంలోంచి, తర్వాత కదలని వస్తువు చుట్టూ. యూ తాళం చిన్నదై మూడూ పట్టకపోతే ఫ్రేమ్‌నూ స్తంభాన్నీ పట్టించి, వెనక చక్రానికి దాని తాళం వేసేయండి. ముందు చక్రానికి ఒక్కదానికే కట్టి పోవద్దు, చేత్తో తిప్పితేనే చక్రం ఊడొచ్చే క్విక్ రిలీజ్ మీట ఉన్న సైకిల్ అయితే మీకు చక్రం మాత్రమే మిగులుతుంది. ఆ మీటలుంటే పంచర్ షాపులో వాటి బదులు నట్లు వేయించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. సీటు కింద మీట ఉన్నా అంతే. గొలుసు నేలకు తగిలేలా వేలాడకూడదు, కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి ఒళ్ళు బరువంతా వేయడానికి అది వీలిస్తుంది, సుత్తి దెబ్బకూ వీలిస్తుంది. వీలైనంత ఎత్తులో, వదులు లేకుండా చుట్టండి, తాళంచెవి రంధ్రం నేల వైపు తిరిగి ఉండేలా పెట్టండి, వాన నీళ్ళు పోవు, దొంగ చేతికీ తొందరగా అందదు.

రెండు తాళాలు వేసేటట్టైతే రెండు రకాలవి వేయండి, ఒక యూ తాళం, ఒక చక్రం తాళం. గ్రైండర్ సంగతి వదిలేస్తే, ఒకే చేతి పనిముట్టుతో రెండూ పోవడం కష్టం.

భద్రకాళి బండ్ దగ్గరో వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గరో పొద్దున్నే తొక్కడానికి పోతే కట్టడానికి ఏమీ దొరకని చోట్లుంటాయి. అక్కడ ఇద్దరు కలిసి పోతే సైకిళ్ళను ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పి నిలబెట్టి, ఫ్రేమ్‌కు ఫ్రేమ్ కలిపి కట్టండి. ఎదురుబొదురు తిరిగిన రెండు సైకిళ్ళను కలిపి నడిపించలేరు, ఎత్తడానికీ ఇబ్బందే. కాజీపేట స్టేషన్ నుంచి రోజూ రైల్లో పనికి పోయేవాళ్ళు డబ్బులు కట్టే స్టాండులోనే పెట్టండి, స్లిప్ సైకిల్ సీటు కింద దాచకుండా జేబులో పెట్టుకోండి, స్టాండులో ఉన్నా తాళం వేయండి. క్యాంపస్‌లలో, నిట్ అయినా కాకతీయ యూనివర్సిటీ అయినా, సైకిళ్ళకు అసలు గండం సెలవులే. సంక్రాంతికి ఊరికి పోతూ నెలల తరబడి కదలని సైకిళ్ళ మధ్యలో మీది కూడా వదిలేయకండి, గదిలో పెట్టుకోవడానికి వార్డెన్‌ను అడగండి, వీలు కాకపోతే స్నేహితుడి ఇంట్లో పెట్టండి.

ఇంటి విషయంలోనే మనం మరీ నిర్లక్ష్యం. బయట గంటసేపటికి రెండు తాళాలు వేసే మనిషి కూడా సెల్లార్లో రాత్రంతా కేబుల్‌తో వదిలేస్తాడు. దొంగకు కావాల్సింది ఎవరూ రారని తెలిసిన సమయమే కదా, అది రాత్రి మన ఇంటి దగ్గరే దొరుకుతుంది. ఓనరుతో మాట్లాడి సెల్లార్ కాంక్రీటు గోడకో నేలకో ఒక ఇనుప రింగును యాంకర్ బోల్టుతో బిగించుకోండి, బయటికి కనిపించే నట్టును వెల్డింగ్ చేయించండి. లావు గొలుసు అక్కడే ఉంచేయండి.

తాళంలో కొబ్బరి నూనె పోయకండి, దుమ్ముతో కలిసి జిగటైపోతుంది. కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు చాలు, వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి. రెండో తాళంచెవిని మొదటిదాని రింగుకే తగిలించి తిరగకండి.

సైకిల్ పోతే పనికొచ్చేవి ఇప్పుడే చేసుకోండి

పెడల్ ఇరుసు కింద, లేదా సీటు కింది గొట్టం మీద ఫ్రేమ్ నంబర్ చెక్కి ఉంటుంది. సైకిల్ తిరగేసి గుడ్డతో తుడిచి ఫోటో తీయండి, బిల్లుదొక ఫోటో, మీరు పక్కన నిలబడి సైకిల్‌దొక ఫోటో. బిల్లు ఎందుకంటే, 2024 జులై 1 నుంచి దొంగతనం కేసులు ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత అనే చట్టం సెక్షన్ 303(2) కింద వస్తున్నాయి, పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపయితే అది నాన్ కాగ్నిజబుల్, అంటే మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. బిల్లు లేకపోతే ఎనిమిది వేల సైకిల్‌ను కూడా పాతది, నాలుగు వేలు అని రాసుకునే వీలుంటుంది. బిల్లు పెట్టి, నంబర్ రాసి ఫిర్యాదు ఇవ్వండి, ఎఫ్ఐఆర్ కాపీ ఊరికే ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఏ స్టేషన్ పరిధి అనే టెన్షన్ అక్కర్లేదు, ఎఫ్ఐఆర్ కేసైతే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కింద నమోదు చేసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనేవాళ్ళు కూడా ఇదే నంబర్ చూడాలి. దొంగ సొత్తని తెలిసీ కొంటే అదే చట్టం సెక్షన్ 317 కింద కొన్నవాడి మీదా కేసవుతుంది. బిల్లు అడగండి, లేదంటే అమ్మే మనిషి ఆధార్ కాపీతో సంతకం చేసిన కాగితం అడగండి, నంబర్ ఉండాల్సిన చోట ఆకురాయితో గీకినట్టో అక్కడ మాత్రమే కొత్త రంగు పూసినట్టో ఉంటే ఆ బేరం వదిలేయండి.